పలాస జీడిపప్పు ఫ్యాక్టరీకి ఎంబీయే ఎందుకు అక్కర్లేకపోయింది

ఎంబీయే ఎంట్రన్స్ ఐసెట్ రిజల్ట్స్ వచ్చిన వారం నాకు ఫోన్లు ఆగవు. ఎచ్చెర్ల, రాజాం, చీపురుపల్లి, పార్వతీపురం, ఎక్కడెక్కడి నుంచో వస్తాయి. డిగ్రీ పాసైన పిల్లలు చేస్తారు, వాళ్ళకంటే ఎక్కువ వాళ్ళ నాన్నలు చేస్తారు. మొన్న ఒకాయన, టెక్కలి దగ్గర పల్లె, వరి రైతు, నేను హలో అనేలోపే అడిగేశారు, "బాబూ, మా గుంటడికి ర్యాంకొచ్చినాది. ఎంబీయేలో సేరిస్తే ఉజ్జోగం వస్తాదా, నేదా, ఒక్క ముక్క సెప్పు." ఒక్క ముక్కలో చెప్పలేకపోయాను. వస్తుందంటే అబద్ధం, రాదంటే అదీ అబద్ధమే.

నేనూ ఎంబీయేనే. 2012లో పూర్తి చేశా, మూడేళ్ళు విజయనగరంలో ఒక ఫైనాన్స్ కంపెనీ తరఫున ఊళ్ళు తిరిగి లోన్లు వసూలు చేశా, ఆ తర్వాత నుంచి పలాస కాశీబుగ్గలో జీడిపప్పు యూనిట్లకి లెక్కలు రాస్తూ సాయంత్రాలు పిల్లలకి ఐసెట్ చెప్తున్నా. అంటే ఈ చదువుని చదివినోడిగా చూశా, చదివిన తర్వాత ఉద్యోగం కోసం తిరిగినోడిగా చూశా, ఉద్యోగం ఇవ్వాల్సిన వ్యాపారస్తుల పక్కన కూర్చుని కూడా చూశా. ఆ రైతుకి ఫోన్‌లో చెప్పలేనిది ఇక్కడ విడమర్చి రాస్తున్నా, కాస్త పెద్దదే అవుతుంది, ఓపిగ్గా చదవండి.

ముందు ఈ చదువు ఎక్కడ పుట్టిందో తెలియాలి, ఎందుకంటే చిక్కుముడి మొదటి కొస అక్కడే ఉంది. అమెరికాలో 1900లో డార్ట్‌మత్ కాలేజీ వాళ్ళు టక్ స్కూల్ పెట్టారు, 1908లో హార్వర్డ్ వాళ్ళు బిజినెస్ స్కూల్ పెట్టి ఎంబీయే అనే డిగ్రీ మొదలెట్టారు. అప్పటికి అక్కడ రైల్వే కంపెనీలు, స్టీల్ కంపెనీలు ఎంత పెద్దవైపోయాయంటే సొంతదారు ఒక్కడే కూర్చుని నడిపే పరిస్థితి దాటిపోయింది. షేర్లు వేలమంది చేతుల్లో ఉంటాయి, కంపెనీని మాత్రం జీతానికి పెట్టుకున్న మనుషులు నడుపుతారు. సొంతదారు వేరు, నడిపేవాడు వేరు. ఆ నడిపేవాళ్ళని తయారు చెయ్యడానికి పుట్టిన చదువు ఇది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, సొంతదారు వేరు నడిపేవాడు వేరు అన్నది, మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కొత్తగా స్వాతంత్ర్యం వచ్చిన దేశాలన్నిటికీ ఒక్కసారిగా ఫ్యాక్టరీలు, డ్యాములు, బ్యాంకులు నడిపే మనుషులు కావాల్సొచ్చారు. అమెరికాకేమో ఆ దేశాలు రష్యా వైపు పోకుండా తన వైపు ఉండాలని ఉంది. అందుకని డబ్బు, ప్రొఫెసర్లు, సిలబస్ అన్నీ కట్టగట్టి పంపించారు. 1955లో కరాచీలో అమెరికా వార్టన్ స్కూల్ సాయంతో ఐబీఏ అనే బిజినెస్ స్కూలు వచ్చింది. 1961లో మన కలకత్తా, అహ్మదాబాద్ ఐఐఎంలు వచ్చాయి, కలకత్తాకి ఎంఐటీ, అహ్మదాబాద్‌కి హార్వర్డ్ తోడు, రెండింటికీ ఫోర్డ్ ఫౌండేషన్ డబ్బు. కెన్నెడీ 1963లో కోస్టారికా వెళ్ళినప్పుడు అక్కడి చిన్న దేశాల అధ్యక్షులతో మాటలు జరిగి, 1964లో హార్వర్డ్ వాళ్ళ చేతుల మీదుగానే మధ్య అమెరికాలో ఇంకాయే అనే స్కూలు మొదలైంది. 1968లో మనీలాలో ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మేనేజ్‌మెంట్. చైనా మాత్రం చాలా ఆలస్యంగా వచ్చింది, 1991లో తొమ్మిది యూనివర్సిటీలతో ట్రయల్ వేసి చూసింది.

మనవాళ్ళకి చాలామందికి తెలియని ఒక విషయం ఇక్కడ చెప్పాలి. ఐఐఎంల కంటే ముందే, 1957లోనే, ఆంధ్రా యూనివర్సిటీలో ఎంబీయే ఉంది. దేశంలో ఈ కోర్సు మొదలెట్టిన తొలి యూనివర్సిటీల్లో అదొకటి. అప్పుడు శ్రీకాకుళం జిల్లా మొత్తం, ఇప్పటి విజయనగరం కూడా, ఆ యూనివర్సిటీ గొడుగు కిందే. అంటే ఈ చదువు మనకి కొత్తగా దిగుమతైనదేం కాదు, మన తాతల కాలం నుంచీ నూరు కిలోమీటర్ల దూరంలో ఉంది. నాకు ఈ సంగతి తెలిసిన రోజు నిజంగా గర్వంగా అనిపించింది, వెంటనే బాధ కూడా వేసింది, ఇన్నేళ్ళలో పలాసకి గానీ పొందూరుకి గానీ పనికొచ్చే ఒక్క పాఠం మా క్లాసులోకి ఎందుకు రాలేదా అని.

విశాఖలో ఈ చదువుకి చోటు దొరికింది, ఎందుకంటే అక్కడ షిప్‌యార్డ్ ఉంది, రిఫైనరీ ఉంది, తర్వాత స్టీల్‌ప్లాంట్ వచ్చింది. అవన్నీ సొంతదారు వేరు, నడిపేవాడు వేరు అనే లెక్కలో నడిచేవి. మన రెండు జిల్లాల్లో ఏముంది? పైడిభీమవరంలో మందుల కంపెనీలు, గరివిడి, బొబ్బిలి వైపు ఫెర్రో అల్లాయ్స్, నెల్లిమర్ల జూట్ మిల్లు, రైస్ మిల్లులు. మిగతాదంతా ఉద్దానం తోటలు, పలాస జీడి యూనిట్లు, పొందూరు ఖద్దరు, బుడితి ఇత్తడి, చేపల వేట, సంతలు, డ్వాక్రా సంఘాలు. ఇక్కడ సొంతదారే నడిపేవాడు, ఆయన తమ్ముడే క్యాషియర్, ఆయన మేనల్లుడే పర్చేజ్ మేనేజర్.

మూడు సరుకులు ఒకే సంచిలో

ఎంబీయే అని ఒక్క పేరు పెట్టి పిలుస్తాం గానీ అందులో మూడు వేరు వేరు సరుకులున్నాయి, వీటిని కలిపేసి చూడబట్టే తల్లిదండ్రులు మోసపోతున్నారు.

ఒకటి జల్లెడ. క్యాట్ లాంటి పరీక్ష రాసిన లక్షల మందిలో పైన ఉన్న కొద్దిమందినే పెద్ద ఐఐఎం తీసుకుంటుంది. కంపెనీ వాడు అక్కడికి వెళ్ళేది లోపల ఏం చెప్పారో చూడ్డానికి మాత్రమే కాదు, జల్లెడ పట్టే పని తనకి తప్పిందని కూడా వెళ్తాడు. ఆ పిల్లలు ఆ రెండేళ్ళు ఖాళీగా కూర్చున్నా చాలామందికి మంచి ఉద్యోగాలే వచ్చేవి. రెండోది పరిచయాలు, మనవాళ్ళ భాషలో చెప్పాలంటే "మనోడు" అనే మాట. పదేళ్ళ ముందు పాసైనవాడు ముంబైలో డైరెక్టర్‌గా ఉంటాడు, జూనియర్ ఫోన్ చేస్తే ఎత్తుతాడు. మూడోది అసలు చదువు, అంటే లెక్కలు, మార్కెట్, మనుషులతో పని చేయించడం, డబ్బు ఎప్పుడొస్తుంది ఎప్పుడు పోతుంది అన్న అంచనా.

అహ్మదాబాద్‌లో ఇప్పుడు ఫీజు పాతిక లక్షల పైమాటే. ఆ డబ్బు మూడు సరుకులకీ కలిపి. మన పక్క ఒక కాలేజీకి ఏఐసీటీఈ పర్మిషన్ వచ్చి, 60 సీట్లతో ఎంబీయే పెట్టింది అనుకోండి. సిలబస్ తెచ్చుకోవచ్చు, పుస్తకాలు తెచ్చుకోవచ్చు, బిల్డింగ్ కట్టొచ్చు. జల్లెడ ఎలా తెస్తారు? ఐసెట్ 200 మార్కులకి, క్వాలిఫై అవ్వడానికి 50 వస్తే చాలు, ఎస్సీ ఎస్టీలకి ఆ కనీసం కూడా లేదు. నేను దాన్ని తప్పు పట్టట్లేదు, చదువు అందరికీ అందాలి, మా ఇంట్లో నేనే మొదటి పీజీ. కానీ జల్లెడ లేనప్పుడు కంపెనీ వాడు ఆ సర్టిఫికెట్ చూసి ఏమీ తెలుసుకోలేడు అన్నది నిజం. పరిచయాలు కూడా రావు, ఎందుకంటే సీనియర్లు కూడా మనలాగే ఉద్యోగం వెతుక్కుంటూ ఉంటారు.

కాబట్టి మనలాంటి చోట కాలేజీ దగ్గర ఇవ్వడానికి మిగిలింది మూడోదొక్కటే, అసలు చదువు. అదే బ్రహ్మాండంగా ఉండాలి, పెద్ద స్కూళ్ళ కంటే కూడా ఎక్కువ శ్రద్ధగా ఉండాలి, ఎందుకంటే మన పిల్లలకి ఇంకే ఆధారం లేదు. జరిగింది దానికి పూర్తిగా ఎదురు.

నా సంగతే చెప్తా. మేం చదివిన కాలేజీ పేరు అనవసరం. మా మార్కెటింగ్ సారు ఏడాది ముందే అదే కాలేజీలో ఎంబీయే పాసయ్యారు, మంచి మనిషి, కానీ ఆయన జీవితంలో ఒక్క వస్తువు అమ్మి ఎరగరు, పాపం ఆయనకి జీతం కూడా నెలల తరబడి వచ్చేది కాదు. ఆయన పుస్తకంలో పేరా చదివేవారు, మేం రాసుకునేవాళ్ళం. బ్రాండ్ గురించి పాఠంలో అమెరికా కూల్‌డ్రింక్ కంపెనీల గొడవ ఉంటుంది, సెగ్మెంటేషన్ పాఠంలో అక్కడి కార్లు. రెండేళ్ళలో ఒక్కరోజు కూడా మమ్మల్ని ఒక రైస్ మిల్లుకి తీసుకెళ్ళలేదు. ఆఖరి సెమిస్టర్‌లో ప్రాజెక్ట్ రిపోర్ట్ ఉంటుంది, ఒక సంస్థలో రెండు నెలలు ఉండి అక్కడి సమస్య ఒకటి పట్టుకుని రాయాలి, మొత్తం ఎంబీయేలో నిజంగా నేర్పగలిగేది అదే. మా బ్యాచ్‌లో సగం మందికి పైగా జెరాక్స్ షాపులో పాత రిపోర్ట్ కొనుక్కుని, కంపెనీ పేరు మార్చి బైండింగ్ చేయించారు. నేనూ అదే చేశా. అప్పుడు అందరూ చేస్తున్నారు కదా అనిపించింది, ఇప్పుడు తల్చుకుంటే ఆ రెండు నెలలే నాకు ఎక్కువ బాధ, ఎందుకంటే అవి మళ్ళీ రావు.

దీనికి కాలేజీలనొక్కటే అంటే సరిపోదు. ఫీ రీయింబర్స్‌మెంట్ వచ్చాక పీజీ అనేది పేదింటి పిల్లలకి అందింది, ఆ మేలు ఎవరూ కాదనలేరు, నేను చదివిందే దానిమీద. కానీ ఫీజు కట్టేది పిల్లాడు కాదు ప్రభుత్వం, అదీ ఏడాది రెండేళ్ళు ఆలస్యంగా, అన్నప్పుడు కాలేజీకి సీటు నింపుకోవడమే పని అయిపోయింది, పిల్లాడికి అటెండెన్స్ నింపుకోవడమే పని అయిపోయింది, చదువు గురించి అడిగేవాడు ఇద్దరిలో ఎవరూ లేరు. 2020 చివర్లో ప్రైవేట్ కాలేజీల్లో పీజీకి రీయింబర్స్‌మెంట్ ఆపేసినప్పుడు, అప్పటిదాకా ఆ డబ్బుమీదే నిలబడ్డ కాలేజీలు కిందామీదా పడ్డాయి, మన పిల్లలు అప్పులు చేసి ఫీజులు కట్టాల్సొచ్చింది.

ఆ చదువు పూర్తిచేసిన మాకు దొరికిన ఉద్యోగాలేంటో కూడా చెప్పాలి. ఫైనాన్స్ కంపెనీల్లో వసూళ్ళు, ఇన్సూరెన్స్ పాలసీలు అమ్మడం, హైదరాబాద్ వెళ్ళి కాల్ సెంటర్, లేదంటే ఏదో కన్సల్టెన్సీలో రోజుకి వంద ఫోన్లు చేసి సాఫ్ట్‌వేర్ వాళ్ళ రెజ్యూమేలు అడగడం. ఏ పనీ చిన్నది కాదు, కానీ వీటిలో దేనికీ రెండేళ్ళ మేనేజ్‌మెంట్ చదువు అక్కర్లేదు, డిగ్రీ పిల్లలు అదే జీతానికి అదే పని పక్క కుర్చీలో చేస్తుంటారు.

అవసరం ఉంది, గిరాకీ లేదు

ఇప్పుడు అసలు ముడి దగ్గరికొద్దాం. నాకు చాలా కాలం అర్థం కానిది ఇదే. మన వ్యాపారాలకి మేనేజ్‌మెంట్ అవసరం లేదా అంటే, విపరీతంగా ఉంది.

జీడి వ్యాపారం తీసుకోండి. బయటనుంచి చూస్తే పిక్కలు, అంటే పెంకుతో ఉన్న జీడి గింజలు కొని, ఉడికించి, పెంకు కొట్టి, ఆరబెట్టి, పొట్టు తీసి, గ్రేడ్ చేసి, పది కిలోల టిన్నుల్లో పెట్టి అమ్మడమే. లోపల కూర్చుంటే తెలుస్తుంది అదెంత కత్తిమీద సామో. పిక్క 80 కిలోల బస్తా లెక్కన కొంటారు. బస్తా 12,000 రూపాయలు అనుకుందాం. అందులోంచి 22 కిలోల పప్పు వస్తే కిలోకి పిక్క ఖర్చు 545 రూపాయలు పడుతుంది. అదే బస్తాలో 20 కిలోలే వస్తే 600 పడుతుంది. రెండు కిలోల తేడా, కిలోకి 55 రూపాయలు, లాభం మొత్తం అందులోనే ఎగిరిపోతుంది. ఇంక గ్రేడ్లు, డబ్ల్యూ 180 అంటే ఒక పౌనుకి, అంటే ఇంచుమించు 450 గ్రాములకి, 180 లోపు పప్పులు తూగే పెద్ద గుండు (విరగని పప్పు), డబ్ల్యూ 320 అంటే 320 లోపు, ఇది మార్కెట్‌లో ఎక్కువ కదిలే రకం. ఎగుమతులకోసం ఏర్పడ్డ లెక్క కాబట్టి ఇప్పటికీ పౌన్లలోనే చెప్తారు. గుండు విరిగి బద్దయితే ఒక రేటు, ముక్కయితే ఇంకా తక్కువ రేటు. డ్రయర్‌లో ఎక్కువసేపు ఉంచితే పప్పు పెళుసెక్కి విరుగుతుంది, తక్కువసేపు ఉంచితే పొట్టు రాదు.

దీనిమీద డబ్బు సంగతి. మన తోటల్లో పంట వేసవిలో రెండుమూడు నెలలే, ఏడాదికి సరిపడా పిక్క అప్పుడే కొని పెట్టుకోవాలి. కోటి రూపాయల సరుకు ఆరు నెలలు గోడౌన్‌లో ఉంటే, 12 శాతం వడ్డీ అనుకున్నా ఆరు లక్షలు వడ్డీకే పోతాయి. ఈలోగా ఆఫ్రికా నుంచి పిక్కలు దిగుతాయి, రేటు పడిపోతే ఉన్న స్టాక్ మీద నష్టం. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను వచ్చి ఉద్దానంలో జీడి, కొబ్బరి చెట్లు వేర్లతో సహా పడిపోయాయి, ఆ తోటలు మళ్ళీ కాపుకి రావాలంటే ఏళ్ళు పడుతుంది, అంటే బయటి పిక్క మీద ఆధారం ఇంకా పెరుగుతుంది. వర్కింగ్ క్యాపిటల్, ఇన్వెంటరీ, రిస్క్, క్వాలిటీ కంట్రోల్, ఎంబీయేలో ఇవన్నీ సబ్జెక్టులే, పుస్తకంలో ఉన్న ప్రతి చాప్టర్ పలాసలో వీధి వీధికీ నడుస్తోంది. అయినా ఆ యూనిట్లలో ఎంబీయే మేనేజర్‌ని పెట్టుకున్న చోటు వేళ్ళమీద లెక్కపెట్టాలి.

ఎందుకు? ఓనర్లకి తెలివి లేక కాదు. నికొలస్ బ్లూమ్ అనే ఆర్థికవేత్త, ఇంకొంతమంది కలిసి ముంబై దగ్గర తారాపూర్, ఉమర్‌గావ్ వైపు బట్టల మిల్లుల్లో ఒక ప్రయోగం చేశారు, 2013లో అచ్చయింది. చిన్నవి కావు, వందలమంది పనిచేసే మిల్లులు. వెళ్ళి చూస్తే నూలు ఎక్కడపడితే అక్కడ పడుంది, ఏ డిఫెక్ట్ ఎందుకొచ్చిందో రాసిపెట్టిన పుస్తకం లేదు, మిషన్లు పాడయ్యాకే రిపేర్. కొన్ని మిల్లులకి నెలల తరబడి కన్సల్టెంట్లని ఉచితంగా పంపి, స్టాక్ రాయడం, డిఫెక్ట్స్ రాయడం, మిషన్లకి ముందే మెయింటెనెన్స్ చెయ్యడం లాంటి మామూలు పద్ధతులు అలవాటు చేశారు. మొదటి ఏడాదిలోనే ఉత్పాదకత 17 శాతం పెరిగింది. ఎనిమిది తొమ్మిదేళ్ళ తర్వాత మళ్ళీ వెళ్ళి చూస్తే సగం పద్ధతులు వదిలేశారు, అయినా మిగతా మిల్లులకంటే ముందే ఉన్నారు.

నాకు ఆ స్టడీలో కళ్ళు తెరిపించింది 17 శాతం కాదు. అంత లాభం ఉంటే ఆ మిల్లులు ఇదివరకే ఎందుకు చెయ్యలేదు, బాగా నడిచే మిల్లు ఇంకో నాలుగు మిల్లులు ఎందుకు పెట్టలేదు అని వాళ్ళు వెతికారు. దొరికిన జవాబుల్లో ఒకటి, ఓనర్ బయటివాళ్ళకి పెత్తనం ఇవ్వడు. సరుకు ఎత్తుకుపోతాడని భయం, పోలీసు కోర్టు చుట్టూ తిరిగితే ఏళ్ళు పడుతుంది. అందుకని మిల్లు ఎంత పెరుగుతుందనేది ఆ ఇంట్లో ఎంతమంది మగపిల్లలున్నారు అన్నదాని మీద ఆధారపడి ఉంది. ఇది చదివినప్పుడు మా కాశీబుగ్గ గురించే రాశారనిపించింది. సీజన్లో రొక్కం సంచితో మందస వైపు పిక్కలు కొనడానికి పంపాలంటే ఎంబీయే కుర్రాడిని పంపుతాడా, మేనల్లుడిని పంపుతాడా? పిక్కని కోసి చూసి, ఈ లాటులో ఎంత పప్పు వస్తుందో చెప్పగలిగే చెయ్యి, డబ్బు దగ్గర నమ్మకం, ఈ రెండూ మేనల్లుడికి ఉన్నాయి. మన పిల్లాడి దగ్గర ఉన్నది సర్టిఫికెట్.

అంటే సొంతదారు వేరు, నడిపేవాడు వేరు అనే పునాది లేనిచోట, ఆ పునాది మీద కట్టిన ఇంటిని తెచ్చి పెట్టాం. మేనేజ్‌మెంట్ కావాలి, మేనేజర్ అక్కర్లేదు. ఈ ఒక్క తేడా అర్థమైతే మన దగ్గరే కాదు, నైజీరియాలో అయినా, పాకిస్తాన్‌లో అయినా, ఎంబీయే పిల్లలు ఊళ్ళో ఇన్ని వ్యాపారాలుండగా బ్యాంకుల్లో, ఫోన్ కంపెనీల్లో, విదేశాల్లో ఎందుకు తేలుతున్నారో అర్థమవుతుంది. మేనేజర్‌ని పెట్టుకునే అలవాటున్నది పెద్ద కంపెనీలకే, అవి ఉన్నది పెద్ద ఊళ్ళలోనే.

ఈ ఇబ్బంది పసిగట్టినవాళ్ళు లేకపోలేదు. అహ్మదాబాద్ ఐఐఎంకి తొలి రోజుల్లో డైరెక్టర్‌గా చేసిన రవి మత్తాయ్, ఆ కుర్చీ వదిలేసి, 1975లో రాజస్థాన్‌లో జవాజా అనే కరువు ప్రాంతానికి వెళ్ళి, అక్కడి నేతగాళ్ళతో, తోలు పనివాళ్ళతో కలిసి పనిచేశారు. డిజైన్ స్కూలు ఎన్‌ఐడీ వాళ్ళు డిజైన్ వైపు చూశారు. మేనేజ్‌మెంట్ అనేది అట్టడుగు మనిషి తన కాళ్ళమీద తను నిలబడ్డానికి ఎంతవరకు పనికొస్తుందో చూద్దామన్నది ఆయన పట్టుదల. 1979లో గుజరాత్ ఆనంద్‌లో అమూల్ కురియన్ ఇర్మా అనే స్కూలు పెట్టింది కూడా ఈ బాధతోనే, పాల సంఘాలని నడపడానికి పెద్ద కంపెనీ చదువు చదివినవాళ్ళు నిలబడట్లేదు, పల్లె కోసమే మేనేజర్లని తయారు చెయ్యాలి అని. పొందూరులో వాలుగ చేప దవడతో పత్తి ఏకి, సన్నటి నూలు తీసే ఆడవాళ్ళని చూసినప్పుడల్లా నాకు జవాజా గుర్తొస్తుంది. ఆ చేతి పనికి గంటకి ఎంత ఖరీదు కట్టాలి, ఎవరికి అమ్మాలి, ఇది మార్కెటింగ్ పేపర్‌లో రావాల్సిన ప్రశ్న కాదా?

మన దగ్గరే ఇంకో బడి నడిచింది, దాన్ని మనం బడి అనుకోలేదు అంతే. 2000లో ప్రపంచ బ్యాంకు అప్పుతో, పేదరికం తగ్గించడానికి, వెలుగు ప్రాజెక్టు మొదలైన ఆరు జిల్లాల్లో శ్రీకాకుళం, విజయనగరం రెండూ ఉన్నాయి. నేను ఫైనాన్స్ కంపెనీలో ఉన్నప్పుడు గజపతినగరం, సాలూరు వైపు ఆడవాళ్ళ డ్వాక్రా పొదుపు సంఘాల మీటింగులకి వెళ్ళేవాణ్ణి. ఏడో తరగతి చదివిన ఆవిడ తీర్మానం రాస్తుంది, పొదుపు ఎంత, అంతర్గత అప్పు ఎంత, ఎవరి వాయిదా ఎన్ని రోజులు దాటింది, వేళ్ళతో చెప్తుంది. క్రెడిట్ అప్రైజల్ అని, అంటే ఎవరికి అప్పు ఇవ్వొచ్చో తేల్చడం, మాకు ఒక చాప్టర్ ఉండేది, నాకు అది ఆవిడ దగ్గర అర్థమైంది. "ఆయమ్మకి ఇప్పుడివ్వకండి బాబూ, కూతురి పెళ్ళి పెట్టుకున్నాది, యాపారానికి వాడదు" అంటుంది, ఆమె మాట తప్పిన సందర్భం నాకు గుర్తులేదు.

దీనికి దగ్గరగా బయట దేశాల్లో జరిగిన పరీక్షలున్నాయి. డొమినికన్ రిపబ్లిక్‌లో చిన్న వ్యాపారులకి కొంతమందికి పూర్తి అకౌంటింగ్ నేర్పారు, కొంతమందికి రెండు మూడు మోటు సూత్రాలే చెప్పారు, ఇంటి డబ్బు, వ్యాపారం డబ్బు వేరు వేరుగా పెట్టుకో లాంటివి. మోటు సూత్రాలు నేర్చుకున్నవాళ్ళే బాగుపడ్డారు, పూర్తి అకౌంటింగ్ తలకెక్కలేదు. ఆఫ్రికాలో టోగోలో 2017లో అచ్చయిన ఇంకో పరీక్షలో, మామూలు వ్యాపార పాఠాలు చెప్పినవాళ్ళ లాభాల్లో పెద్దగా తేడా రాలేదు, చొరవ తీసుకోవడం, అడ్డంకి వస్తే ఏం చెయ్యాలో ముందే ఆలోచించుకోవడం నేర్పినవాళ్ళకి 30 శాతం పెరిగాయి. అయితే నేను దీనర్థం ఎంబీయే ఎత్తెయ్యమని చెప్పట్లేదు. సంఘం ఆవిడకి ఆఫ్రికా పిక్క రేటు అంచనా వెయ్యడం రాదు, జీఎస్టీ రిటర్న్ రాదు, బ్యాంకుకి ప్రాజెక్ట్ రిపోర్ట్ రాయడం రాదు. దానికి చదువుకున్నవాడు కావాలి. కానీ ఆ చదువుకున్నవాడు ముందు ఆవిడ పక్కన కూర్చోవాలి.

సరే, టెక్కలి రైతుకి ఏం చెప్పాలి? నేను తర్వాత తిరిగి ఫోన్ చేసి చెప్పింది ఇది. మీవాడికి ఏడాది రెండేళ్ళు కష్టపడే ఓపికుంటే క్యాట్ రాయించండి, జల్లెడ, పరిచయాలు అక్కడ నిజంగా దొరుకుతాయి, విశాఖలో కూడా 2015 నుంచి ఐఐఎం ఉంది, ఎడ్యుకేషన్ లోన్ బ్యాంకులిస్తాయి. అది కుదరకపోతే ముందు ఎక్కడన్నా పనిలో పెట్టండి, చిన్న జీతమైనా సరే, పనిచేసి వచ్చినవాడికి క్లాసులో చెప్పేది అర్థమవుతుంది, చెయ్యనివాడికి అవన్నీ మాటలే. ఇక్కడే చేర్చాలి అనుకుంటే గవర్నమెంటు యూనివర్సిటీ సీటు ముందు చూడండి, ఎచ్చెర్లలో అంబేద్కర్ యూనివర్సిటీ ఉంది, ఫీజు భారం తక్కువ. ప్రైవేట్ కాలేజీ అయితే ప్లేస్‌మెంట్ ఫ్లెక్సీ చూడకండి, నిరుడు పాసైన నలుగురు పిల్లల నంబర్లు అడగండి, ఏం పని చేస్తున్నారో, జీతమెంతో వాళ్ళనే అడగండి. ప్రాజెక్ట్ రిపోర్టులు చూపించమనండి, అందులో ఒక్కటైనా మన జిల్లా వ్యాపారం మీద సొంత లెక్కలతో ఉందేమో చూడండి. ఆయన అంతా విని, "అయితే ముందు పనిలో ఎడతాను బాబూ" అన్నారు.

కాలేజీల్లో చెప్పే మిత్రులతో నేను అడిగేది కూడా ఒకటే. రెండో ఏడాదిలో ఆ ప్రాజెక్ట్‌ని నిజం చెయ్యండి. పిల్లల్ని హైదరాబాద్ కంపెనీ లెటర్ హెడ్ కోసం తిప్పకండి, రాజాం జూట్ వ్యాపారి దగ్గరికో, నరసన్నపేట బట్టల కొట్టుకో, సంఘం ఆఫీసుకో పంపండి. అమెరికా కార్ల కేసు చెప్పొద్దని కాదు, పక్కన మన జీడి కేసు కూడా ఉండాలి. అలాంటి కేసు రాయాలంటే డబ్బక్కర్లేదు, ఒక నోట్‌బుక్, ఒక ఓనరు, రెండు నెలల టైము చాలు.

నా దగ్గర ఐసెట్ చదివిన ఒక అమ్మాయి ఉంది, సోంపేట వైపు. నా రిపోర్ట్ సంగతి చెప్పి, నువ్వు మాత్రం అలా చెయ్యకమ్మా అన్నాను. నాకు తెలిసిన యూనిట్‌లో కూర్చోబెట్టా, ఓనరు మొదట ఒప్పుకోలేదు, ఆడపిల్ల ఈ పొగలో ఏం చేస్తుంది అన్నారు. నలభై రోజులు ప్రతి లాటుకీ డ్రయర్‌లోకి వెళ్ళిన టైము, బయటికొచ్చిన టైము, గుండు ఎంత, బద్ద ఎంత, ముక్క ఎంత, తూకం వేసి రాసింది. పొట్టు తీసే ఆడవాళ్ళు తనతో మాట్లాడారు, ఓనర్‌తో ఎప్పుడూ చెప్పని మాట ఒకటి తనకి చెప్పారు, రాత్రి షిఫ్ట్ లాటులే ఎక్కువ విరుగుతున్నాయని. తీరా పుస్తకం తిరగేస్తే నిజమే, రాత్రి డ్రయర్ దగ్గర మనిషి నిద్రపోవడంతో పప్పు గంటన్నర ఎక్కువ ఎండుతోంది. ఓనరు ఆ పుస్తకం మూడుసార్లు చదివారు. పరీక్షలయ్యాక ఆ అమ్మాయికి ఫోన్ చేసి పిలిచారు, స్టాక్ రిజిస్టర్ చేతికిచ్చారు. మొన్న వేసవి సీజన్లో మందసకి పిక్కలు కొనడానికి మేనల్లుడితో పాటు జీపులో వెళ్ళింది ఆ అమ్మాయే, కోతకత్తి మేనల్లుడి చేతిలో, రొక్కం సంచి తన ఒళ్ళో.